ఇంటి పద్దు: కోచ్ సర్టిఫికెట్టుకు రెండు లక్షలా?

క్రితం సంచికలో చీటీపాటల గురించి రాశాను కదా, వాటి మీదే ప్రశ్నలు వస్తాయనుకున్నాను. వచ్చింది వేరే. కోయంబత్తూరు నుంచి ఒక అబ్బాయి, పుణె నుంచి ఒక సోదరుడు, ఇక్కడే బెంగళూరులో మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఉండే మా చెల్లెలి కూతురు. ఒకరికొకరు తెలియని ఈ ముగ్గురూ అడిగింది ఒకటే: "కోచింగ్ సర్టిఫికేషన్ చేద్దామనుకుంటున్నాను, అంత డబ్బు పెట్టవచ్చా?" బ్యాంకులో ముప్ఫై ఒక్క ఏళ్లు అప్పుల కాగితాలు చూసినదాన్ని కాబట్టి నాకు తెలుస్తుందని వాళ్ల నమ్మకం.

ముందు ఆ మాటకు అర్థం చూద్దాం. మన ఇళ్లల్లో కోచింగ్ అంటే పిల్లల్ని తెల్లవారుజామున ఐదింటికి లేపి ఎంట్రన్సు పరీక్షల చదువుకు తరమడం. లేకపోతే మైదానంలో ఈల మెడకు వేసుకుని నిలబడే మాస్టారు. ఇప్పుడు చెప్పబోయేది ఆ రెండూ కాదు. ఉద్యోగంలోనో వ్యాపారంలోనో జీవితంలోనో ఒక మలుపు దగ్గర ఆగిపోయిన మనిషితో గంటసేపు కూర్చుని, ప్రశ్నలు అడిగి, తన దారి తనే తేల్చుకునేలా చేసే పని. దానికి గంటకింత అని రుసుము.

ఆ మాట పుట్టుక సరదాగా ఉంటుంది. హంగరీ దేశంలో కోచ్ అని ఒక ఊరుంది. 15వ శతాబ్దంలో అక్కడ తయారైన గుర్రపు బళ్లు ఎంత పేరు తెచ్చుకున్నాయంటే, బండికే ఆ ఊరి పేరు స్థిరపడింది. మనం రైలు పెట్టెను కోచ్ అంటున్నామంటే మూలం అదే. 1830 ప్రాంతంలో ఆక్స్‌ఫర్డు కుర్రాళ్లు తమను పరీక్ష గట్టెక్కించే ప్రైవేటు మాస్టారును వేళాకోళంగా 'కోచ్' అన్నారు, బండిలా మోసుకుపోతాడని. అక్కణ్నుంచి ఆటల్లోకి వెళ్లింది. 1974లో కాలిఫోర్నియాలో టిమోతీ గాల్వే అనే టెన్నిస్ శిక్షకుడు ఒక పుస్తకం రాశాడు. ఆటగాడికి 'ఇలా కొట్టు, అలా కొట్టు' అని చెప్పడం కంటే బంతిని అతన్నే గమనించమంటే త్వరగా నేర్చుకుంటాడన్నది అందులో సారాంశం. బ్రిటన్‌లో ఒకప్పుడు కార్ల పందేల్లో గెలిచిన జాన్ విట్‌మోర్ ఈ పద్ధతిని కంపెనీల్లోకి తెచ్చి, 1992లో తన పుస్తకం వేశాడు. 1995లో థామస్ లెనార్డ్ అనే అమెరికన్ ఈ వృత్తివాళ్లందరికీ కలిపి ఐ.సి.ఎఫ్. అనే సంఘం పెట్టాడు. అంతకుముందు ఆయన పని ఇతరుల డబ్బుకు ప్రణాళికలు వేసిపెట్టడం. అంటే నాలాంటివాడే!

ఇందులో మనకు మింగుడుపడని సంగతి ఒకటుంది. కోచ్ సలహా ఇవ్వకూడదు. తెలుగువాళ్లం ఎక్కడ స్థిరపడినా, కటక్‌లో గానీ చెన్నైలో గానీ, సలహా ఇవ్వకుండా ఐదు నిమిషాలు కూర్చోగలమా? అదీ ఉచితంగా ఇస్తాం. సలహా ఇవ్వకుండా ఉండటం నేర్పడానికి లక్షల్లో ఫీజు తీసుకుంటారంటే మా చెల్లెలు అరగంట నవ్వింది. తర్వాత నవ్వడం మానేసింది, ఎందుకంటే ఆ డబ్బు కట్టబోయేది తన కూతురే.

ఆ అమ్మాయికి నలభై నాలుగేళ్లు. ఒక పెద్ద కంపెనీలో సిబ్బంది వ్యవహారాల విభాగంలో పద్దెనిమిదేళ్లు పనిచేసింది. 2023లో వందల మందిని తీసేసినప్పుడు ఆ జాబితాలో తన పేరు కూడా ఉంది. జాబితా తయారుచేసే గదిలో అంతకుముందు వారం దాకా తనే కూర్చుంది, అది వేరే కథ. తర్వాత వచ్చిన ఉద్యోగాలు జీతంలో సగం, దూరంలో రెట్టింపు. ఈలోగా ఒక శిక్షణ సంస్థ ప్రకటన కనబడింది. అరవై గంటల కోర్సు, ఫీజు తగ్గింపు పోను 1,80,000 రూపాయలు. 'మొదటి ఏడాదిలోనే తిరిగి వచ్చేస్తుంది మేడమ్' అని ఫోనులో ఒకబ్బాయి. ఈ శనివారం లోపల కడితేనే తగ్గింపట.

ఇంట్లో ఉన్న డబ్బు ఆరు లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్. అది కూతురి కాలేజీ చదువు కోసం వేసినది. ఆ పిల్ల పదో తరగతి. అల్లుడు నెమ్మదస్తుడు, "తీసేయ్, పోతే పోయింది" అన్నాడు. ఆ చిన్నపిల్ల కూడా "అమ్మా, నా డబ్బు వాడుకో, నేను స్కాలర్‌షిప్పు తెచ్చుకుంటాను" అందట. నాకు ఆ మాట విన్నాకే భయం పట్టుకుంది. ఇంట్లో అందరూ ప్రేమతో తల ఊపుతుంటే లెక్క అడిగేవాళ్లు ఎవరూ ఉండరు.

అందుకని ఒక ఆదివారం కాగితం, కలం తీసుకుని కూర్చున్నాం.

మొదట తేల్చుకున్నది, ఆ డబ్బుకు వచ్చేది ఏమిటని. ఇక్కడే చాలామంది పొరబడతారు. కోర్సు అయ్యాక శిక్షణ సంస్థ ఇచ్చే సర్టిఫికెట్టు వేరు, ఐ.సి.ఎఫ్. ఇచ్చే గుర్తింపు వేరు. ప్రకటనల్లో రెండూ ఒకటే అన్నట్టు రాస్తారు. గుర్తింపులో మూడు మెట్లున్నాయి. మొదటిది ఎ.సి.సి. (మా వారు సిమెంటు కంపెనీ అనుకున్నారు). దానికి 60 గంటల శిక్షణ ఒక్కటే చాలదు. కనీసం ఎనిమిది మందితో కలిపి 100 గంటలు కోచింగ్ చేసి ఉండాలి. ఆ నూరు గంటల్లో 75 గంటలకు డబ్బు తీసుకుని ఉండాలి. ఒక అనుభవజ్ఞుడైన కోచ్ దగ్గర పది గంటలు మన పనిని చూపించుకుని దిద్దించుకోవాలి. ఆ పైన ఒక పరీక్ష. రెండో మెట్టు పి.సి.సి.కి శిక్షణ 125 గంటలు, అనుభవం 500 గంటలు. మూడోది ఎం.సి.సి., దానికి 2,500 గంటల అనుభవం. అంత దూరం ఇప్పుడు చూడనక్కర్లేదు. ఏ మెట్టు గుర్తింపైనా మూడేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి, దానికి మళ్లీ 40 గంటల చదువు.

"అరవై గంటలు అయిపోగానే సర్టిఫికెట్టు ఇస్తామన్నారే?" అంది. ఇస్తారమ్మా, అది వాళ్ల సంస్థది. పెళ్లిలో భోజనం టోకెన్ లాంటిది, ఆ హాల్లోనే చెల్లుతుంది.

రెండోది, ఇది లైసెన్సు కాదు. వకీలుకు 1961 చట్టం ఉంది, చార్టర్డ్ అకౌంటెంటుకు 1949 చట్టం ఉంది, రిజిస్ట్రేషను లేకుండా వాళ్లు బోర్డు కట్టలేరు. కోచ్ కావడానికి మన దేశంలో అలాంటి చట్టమేదీ లేదు. ఈ రోజే మీరు గేటుకు బోర్డు తగిలించుకోవచ్చు, అడ్డేవాళ్లు లేరు. అందుకే సర్టిఫికెట్టు అవసరమని ఒకరు, దండగని ఒకరు అంటారు. ఒక హద్దు మాత్రం గట్టిగా చెప్పాను. మానసిక వ్యాధితో, తీవ్రమైన దిగులుతో వచ్చిన మనిషిని కోచ్ పట్టుకుని కూర్చోకూడదు, డాక్టరు దగ్గరికి పంపాలి. మంచి కోర్సుల్లో ఇది నేర్పుతారు. బోర్డు ఒక్కటే కట్టుకున్నవాళ్లకు ఇది తెలియకపోవడమే ప్రమాదం.

ఇక అసలు లెక్క. ఫీజు 1,80,000. దాని మీద 18 శాతం జి.ఎస్.టి. 32,400. ఫోను అబ్బాయి ఈ మాట చెప్పనే లేదు. మొత్తం 2,12,400. ఐ.సి.ఎఫ్.కు దరఖాస్తు రుసుము, సభ్యత్వం డాలర్లలో కట్టాలి. వాటికోసం ఇంకో ముప్ఫై ఏడు, ముప్ఫై ఎనిమిది వేలు పక్కన పెట్టుకోమన్నాను. అంతా కలిపి రెండున్నర లక్షలు. డిపాజిట్‌లో ఉంటే ఏడు శాతం లెక్కన ఏడాదికి 17,500 వడ్డీ వచ్చేది, అదీ పోతుంది.

రాబడి వైపు రాద్దాం. కొత్తలో గంటకు 500 ఇస్తే గొప్ప. 500 చొప్పున రెండున్నర లక్షలు తిరిగి రావాలంటే 500 గంటలు పనిచేయాలి. వారానికి మూడు గంటల పని దొరికినా ఏడాదికి 156 గంటలు. అంటే పెట్టుబడి చేతికి రావడానికి మూడేళ్లు దాటుతుంది, ఈలోపే పునరుద్ధరణ గడువు వచ్చేస్తుంది! అదే గంటకు 1,500 వస్తే 167 గంటలు చాలు, ఏడాది పైన కొంచెం. రెండు లెక్కల్లోనూ సర్టిఫికెట్టు ఒకటే, ఖర్చు ఒకటే. తేడా అంతా గంటకు ఎవరు ఎంత ఇస్తారన్న దానిలో ఉంది. ఆ సంగతి శిక్షణ సంస్థ చేతిలో లేదు.

ఎవరు ఇస్తారు? కంపెనీలు తమ అధికారుల కోసం కోచ్‌లను పిలిచేటప్పుడు తరచు ఐ.సి.ఎఫ్. గుర్తింపు ఉందా అని చూస్తాయి. వాళ్లకు బోలెడు దరఖాస్తులు, వడపోతకు ఒక జల్లెడ కావాలి. అక్కడ కాగితం పనిచేస్తుంది, గంట రేటూ ఎక్కువే. కాకపోతే తరచు మొదటి మెట్టు చాలదు, రెండోది అడుగుతారు. సొంత డబ్బు ఇచ్చి వచ్చే మామూలు మనిషి కాగితం అడగడు. ఫలానావాళ్లు చెప్పారనో, ఒకసారి మాట్లాడితే మనసు తేలికపడిందనో వస్తాడు. మన అమ్మాయికి కంపెనీల్లో పద్దెనిమిదేళ్ల పరిచయాలున్నాయి కాబట్టి మొదటి దారి మూసుకుపోలేదు. అది ఆమె బలం. అందరికీ ఉండేది కాదు.

ఇంత లెక్క వేశాక నేను ఒక షరతు పెట్టాను. "ఫీజు కట్టకముందు రెండు నెలలు ఆగు. చుట్టాలు కాని, పాత ఆఫీసులో నీ కింద పనిచేసినవాళ్లు కాని మనుషుల్ని అడుగు. గంటకు 500, మూడు గంటలు. కోర్సు ఇంకా చేయలేదని ముందే చెప్పు. ఎంతమంది డబ్బు తీసి ఇస్తారో చూద్దాం."

ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "పెద్దమ్మా, శిక్షణ మొదలయ్యాక చేసిన గంటలే వాళ్లు లెక్కలోకి తీసుకుంటారు. ఇప్పుడు చేసినవి వృథాయే కదా!" మాట నిజమే. నేను కాదనలేదు. కానీ ఆ 75 గంటలకు డబ్బిచ్చే మనుషులు ఎక్కడున్నారో తెలియకుండా రెండున్నర లక్షలు కట్టడం కంటే, లెక్కకు రాని ఆరు గంటలు చేసి తెలుసుకోవడం చవక కాదా? డబ్బు ఎంత తీసుకోవాలన్న నియమం లేదు, పదో పరకో ఇచ్చినా డబ్బిచ్చిన గంటే. అయినా ఆ పది రూపాయలు పరాయి మనిషి నోట 'ఇస్తాను' అనిపించడం ఎంత కష్టమో వ్యాపారం చేసిన ఇంట్లో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు.

తొమ్మిది మందిని అడిగింది. ఐదుగురు ఉచితంగా అయితే వస్తామన్నారు. ఇద్దరు పండగ వెళ్లాక చూద్దామన్నారు. ఇద్దరు డబ్బిచ్చి వచ్చారు. ఒకాయన మూడు గంటలు పూర్తిచేసుకుని నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. రెండో మనిషి హోసూరులో హార్డ్‌వేరు దుకాణం నడిపే కుటుంబం కోడలు. చిత్తూరు వైపు నుంచి వాళ్ల తాతల కాలంలో వచ్చి స్థిరపడ్డవాళ్లు. ఇంట్లో తెలుగు, కొట్లో తమిళం, బెంగళూరు సరుకు కోసం కన్నడం. ఆవిడ మూడు గంటలయ్యాక నాలుగో గంట తనే అడిగింది. "తెలుగులో మాట్లాడుకుంటే లోపలున్నది బయటికొస్తోందండీ" అందట. ఇంగ్లీషు పుస్తకాల్లో పుట్టిన ఈ విద్యకు మన సరిహద్దు ఊళ్లలో ఒక గిరాకీ ఉందని ఆ కోర్సు అమ్మేవాళ్లకు తెలుసో లేదో.

"ఏం మాట్లాడుకున్నారే?" అని ఊరికే కదిపాను. "అది చెప్పకూడదు పెద్దమ్మా" అంది. ఎంత గుచ్చినా చెప్పలేదు. మన ఇళ్లల్లో ఒకరి కష్టం ఇంకొకరి చెవిన పడటానికి ఎంతసేపు పడుతుందో మీకు తెలుసు. ఈ పిల్ల ఈ పనికి పనికొస్తుందని నాకు నమ్మకం కుదిరింది అప్పుడే. తొమ్మిదిలో రెండు అంటే తక్కువ కాదా అని మా వారు అడిగారు. చెప్పుకోవడానికి తక్కువే. కానీ పేరు లేని, కాగితం లేని మనిషికి, చుట్టరికం మొహమాటం లేకుండా, ఇద్దరు జేబులోంచి తీసి ఇచ్చారు. అందులో ఒకరు మళ్లీ వచ్చారు. అప్పుల కాగితాలు చూసే రోజుల్లో నేను ఇంతకంటే బలహీనమైన ఆధారాల మీద దుకాణాలకు అప్పులిచ్చాను, అవి వసూలయ్యాయి కూడా.

మా చెల్లెలిది ఇంకో బాధ. "మనింటి పిల్ల మాట్లాడటానికి డబ్బు తీసుకోవడమేమిటి, నలుగురూ ఏమనుకుంటారు?" అని. పురోహితుడు మంత్రానికి తీసుకుంటాడు, వకీలు మాటకు తీసుకుంటాడు, సంగీతం మాస్టారు పాటకు తీసుకుంటాడు. గంటసేపు తన సంగతి పక్కనపెట్టి ఎదుటి మనిషిని వినడం వాటికంటే సులువైన పని అని మా చెల్లెలు అనుకుంటే, ఒక్కరోజు తను చేసి చూడాలి. ఈ మాట ఆమెతో అన్నాను. ఇంకా అలిగే ఉంది.

చివరికి తేలింది ఇది. కోర్సు చేస్తుంది, కానీ పిల్ల డిపాజిట్ ముట్టుకోదు. ఒక చిన్న కంపెనీకి మనుషుల్ని ఎంపిక చేసిపెట్టే పని వారానికి మూడు రోజులు దొరికింది. అందులోంచి నెలకు 20,000 రికరింగ్ డిపాజిట్ వేస్తోంది. పన్నెండు నెలలకు 2,40,000, ఏడు శాతం వడ్డీతో కలిపి రెండున్నర లక్షలకు దగ్గర పడుతుంది. ఈలోగా వచ్చినవాళ్లతో మాట్లాడుతూనే ఉంటుంది. ఏడాది తర్వాత కూడా ఈ పని మీద ఇదే ఇష్టం ఉంటే డబ్బు చేతిలో ఉంటుంది. ఇష్టం పోతే డబ్బూ మిగులుతుంది. ఇప్పటికి నాలుగు వాయిదాలు కట్టింది. మా అల్లుడు నాతో ఏమీ అనలేదు గానీ, మొన్న కాఫీ తనే కలిపి తెచ్చిచ్చాడు.

పుణె సోదరుడి సంగతి తేలిక. ఆయన ఉద్యోగంలో ఉన్నాడు, కింద నలభై మంది పనిచేస్తున్నారు, ఫీజులో సగం కంపెనీ ఇస్తానంటోంది. చేరండి. నూరు గంటలు ఎక్కడ దొరుకుతాయన్న బెంగ ఆయనకు తక్కువ, నేర్చుకున్నది రేపు పొద్దున్నే ఆఫీసులో పనికొస్తుంది. సగం డబ్బిచ్చినందుకు ఎన్నాళ్లు వదలకుండా ఉండాలని రాయించుకుంటున్నారో మాత్రం చదివి సంతకం పెట్టండి.

కోయంబత్తూరు బాబూ, నీకు ఇప్పుడు వద్దంటాను. నీకు ఇరవై నాలుగేళ్లు, ఉద్యోగంలో చేరి రెండో ఏడు. క్రెడిట్ కార్డు మీద వాయిదాల్లో కడతానంటున్నావు. వడ్డీ, వడ్డీ మీద పన్ను, కార్డువాళ్ల ఛార్జీలు కలిపితే ఎంతవుతుందో బ్యాంకుకు వెళ్లి రాయించుకుని చూడు. అది ఒక ఎత్తు. నలభై ఐదేళ్ల మనిషి తన కష్టం నీ దగ్గర చెప్పుకుని డబ్బివ్వడానికి నువ్వు ఇంకా కొన్ని దెబ్బలు తినాలి నాయనా. కోపం తెచ్చుకోకు. ముప్ఫై ఐదు దాటాక మళ్లీ రాయి, ఈ శీర్షిక అప్పటికీ ఉంటే.

ఇంకెవరైనా కట్టబోతుంటే, డబ్బు ఇచ్చే ముందు శిక్షణ సంస్థను రాతపూర్వకంగా అడగండి. మీ కోర్సు ఐ.సి.ఎఫ్. లెక్కలో లెవెల్ 1దా, 2దా? (60 గంటలకు పైబడినవి 1, 125కు పైబడినవి 2.) వాళ్లు చెప్పిన జవాబు ఐ.సి.ఎఫ్. సొంత జాబితాలో కూడా ఉందేమో మీరే చూసుకోండి. దిద్దించుకునే పది గంటలు ఫీజులో కలిసి ఉన్నాయా, పైన కట్టాలా? జి.ఎస్.టి. కలిపి చెప్పిన ధరా ఇది? రెండు క్లాసులు విన్నాక నచ్చకపోతే ఎంత తిరిగిస్తారు? రాసి ఇవ్వలేమంటే ఫోను పెట్టేయండి. శనివారం గడువు దాటిపోతుందని కంగారు పడకండి. మా అమ్మాయికి ఆ తగ్గింపు గడువు దాటి నెల తిరక్కముందే ఆ అబ్బాయే మళ్లీ ఫోను చేశాడు, అదే తగ్గింపు, ఈ శనివారం వరకే అని.